జేన్ ఫ్రోమన్: విమానం కూలడానికి ముందు, ఆ తర్వాత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1952 నాటి ‘విత్ ఎ సాంగ్ ఇన్ మై హార్ట్’ సినిమా చూశారు. అందులో సూసన్ హేవర్డ్ వేసిన జేన్ ఫ్రోమన్ పాత్ర నిజంగా ఉన్న గాయనిదేనని తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఎక్కిన విమానం కూలకపోయి ఉంటే ఆమె పేరు ఎవరికైనా తెలిసేదా, అప్పట్లో అమెరికాలో నైట్‌క్లబ్బుల్లో, రేడియోలో పాడి బతకడమంటే ఎలా ఉండేది, ఆమె పాటలు ఎక్కడ మొదలుపెట్టి వినాలి అని అడిగారు. 1930లు, 40ల నాటి అమెరికన్ గ్రామఫోన్ ప్లేట్లు, రేడియో రికార్డింగులు నేను చాలా ఏళ్ళుగా పోగుచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటిదానికి సూటిగా జవాబు: తెలిసేది, బాగానే తెలిసేది. 1943 ఫిబ్రవరిలో ఆ విమానం ఎక్కేనాటికి ఆమెకి 35 ఏళ్ళు. రేడియోలో పేరొచ్చి అప్పటికే దాదాపు పదేళ్ళు. బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే ప్రాంతం) నిర్మాత బిల్లీ రోజ్‌ని దేశంలో మొదటి పదిమంది గాయనులు ఎవరని అడిగితే “జేన్ ఫ్రోమన్, ఇంకో తొమ్మిది మంది” అన్నాడని చెప్పుకునేవారు. ప్రమాదం ఆమెని పైకి తెచ్చిందేమీ లేదు. ఆమె ఏ పనులు చేయగలదు, ఏ పనులు చేయక తప్పదు అన్నది మార్చేసింది, అంతే. సినిమాలో ప్రేమకథ ముందుకొచ్చేసరికి ఈ సంగతి వెనకపడిపోయింది.

ఆమె పుట్టింది 1907 నవంబర్ 10న, మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ పక్కనున్న యూనివర్సిటీ సిటీలో. చిన్నపిల్లగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. దాదాపు ఆ రోజుల్లోనే ఆమెకి నత్తి మొదలైంది, చివరిదాకా పోలేదు. తల్లి సంగీతం టీచరు. కొలంబియా ఊళ్ళోని క్రిస్టియన్ కాలేజీలో (ఇప్పుడది కొలంబియా కాలేజీ) గాత్ర విభాగం చూసుకునేది. జేన్ అక్కడే చదివి, కొన్నాళ్ళు మిస్సోరీ యూనివర్సిటీలో జర్నలిజంలో చేరి, 1928లో సిన్సినాటి కన్సర్వేటరీకి (సంగీత కళాశాల) వెళ్ళింది. అంటే గొంతుకి పద్ధతైన శాస్త్రీయ శిక్షణ ఉంది. ఆమె పాటల్లో పొడవాటి వాక్యం ఎక్కడా శ్వాస తెగకుండా సాగుతుందే, అది ఆ శిక్షణ వల్లే.

ఆ నత్తి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆమె ఏ రంగంలో నిలబడింది, ఏ రంగంలో నిలబడలేదు అన్నదాన్ని అదే చాలావరకు తేల్చింది. మాట్లాడేటప్పుడు తడబడే చాలామందికి పాడేటప్పుడు నత్తి రాదు. ఆమెకీ అంతే. నాటకానికి, సినిమాకి అది చాలదు, డైలాగ్ చెప్పాలి. రేడియోకి సరిపోతుంది. రేడియోలో మాట్లాడడానికి అనౌన్సర్ ఉంటాడు. పాట పేరు, ఆర్కెస్ట్రా పేరు, స్పాన్సర్ సబ్బు గొప్పతనం అన్నీ అతనే చెబుతాడు, గాయని మైకు ముందుకొచ్చి పాడి వెనక్కి వెళ్తుంది. 1930లలో రేడియో అన్నది లేకపోతే ఆమె ఏ చర్చి కాయిర్‌లోనో, సంగీతం టీచరుగానో మిగిలిపోయేదని నా అనుమానం.

సిన్సినాటిలో డబ్ల్యూఎల్‌డబ్ల్యూ అనే స్టేషన్ ఉండేది. రేడియో సెట్లు తయారుచేసే పవెల్ క్రాస్లీ దాని యజమాని. ఆయన లెక్క ఏమిటంటే, స్టేషన్ ఎంత దూరం వినిపిస్తే ఆయన చవక సెట్లు అంత దూరం అమ్ముడుపోతాయి. 1928కల్లా ఆ స్టేషన్ 50 వేల వాట్లకి చేరింది, 1934లో ఏకంగా 5 లక్షల వాట్లకి. జేన్ మొదట పాడింది అక్కడే, అందులో ప్రకటనల పాటలూ ఉన్నాయి. స్థానిక స్టేషనే అయినా ఎక్కడెక్కడి వాళ్ళకో వినబడేది. అక్కడే డాన్ రాస్ అనే వాడవిల్ (పాటలు, హాస్యం, విన్యాసాలు కలిపిన స్టేజీ షోలు) గాయకుడు పరిచయమయ్యాడు, 1933లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. బ్యాండ్ లీడర్ పాల్ వైట్‌మన్ ఆమె పాట విని తన వెంట తీసుకెళ్ళాడు. చికాగోలో ఎన్‌బీసీ (ఒకే ప్రోగ్రాంని దేశమంతా స్టేషన్లకి పంపే నెట్‌వర్క్) ప్రోగ్రాములు, ఆ తర్వాత 1933లో న్యూయార్క్.

ఇక్కడ ఆ కాలపు రేడియో ఎలా నడిచేదో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మనకి ఆకాశవాణి అంటే ప్రభుత్వం. అక్కడ రేడియో అంటే కంపెనీ. స్టేషన్‌ది, నెట్‌వర్క్‌ది కేవలం సమయం. ఆ సమయాన్ని సిగరెట్ కంపెనీయో, టూత్‌పేస్ట్ కంపెనీయో కొంటుంది, వాళ్ళ ప్రకటనల ఏజెన్సీ ప్రోగ్రాం తయారుచేస్తుంది, ప్రోగ్రాం పేరు కూడా సరుకు పేరే. జేన్ పాడినవి చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ల ప్రోగ్రాం, అయోడెంట్ టూత్‌పేస్ట్ ప్రోగ్రాం, ఇలా. కాంట్రాక్టు 13 వారాలకి ఉండేది. 13 వారాలయ్యాక స్పాన్సర్‌కి నచ్చితే ఇంకో 13, నచ్చకపోతే సెలవు. ఎంత పేరున్నా ఈ టెన్షన్ తప్పదు. వేసవిలో పెద్ద కమెడియన్లు సెలవు తీసుకుంటే ఆ ఖాళీలో వేరేవాళ్ళకి ప్రోగ్రాం ఇచ్చేవారు. 1937 వేసవిలో జాక్ బెన్నీ స్థానంలో జెల్లో అనే జెల్లీ పొడి ప్రోగ్రాం అలాగే జేన్, డాన్ రాస్‌లకి దొరికింది. బెన్నీది ఆదివారం సాయంత్రం, దేశమంతా వినే సమయం. తాత్కాలికమే అయినా అది చిన్న అవకాశమేం కాదు.

అన్నీ లైవ్. ఎన్‌బీసీ, సీబీఎస్ నెట్‌వర్కులు రికార్డు చేసిన ప్రోగ్రాములు 1940ల చివరిదాకా దాదాపు ఒప్పుకోలేదు. తూర్పు తీరానికీ పశ్చిమ తీరానికీ మూడు గంటల తేడా కాబట్టి చాలా ప్రోగ్రాములు ఒకే రాత్రి రెండుసార్లు పాడాల్సి వచ్చేది, మొదటిది న్యూయార్క్ వాళ్ళకి, మూడు గంటలాగి రెండోది కాలిఫోర్నియా వాళ్ళకి. జేన్ లాంటి రేడియో గాయనుల పాటలు ఎన్నో గాలిలో కలిసిపోవడానికి కారణం ఇదే. ఆనాటి పేరుతో పోలిస్తే 1930లలో ఆమె ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు చాలా తక్కువ.

1934లో వయసు 27 దాటకముందే శ్రోతల పోల్‌లో మొదటి స్థానంలో నిలిచిన గాయని ఆమె. అదే ఏడాది జనవరిలో బ్రాడ్‌వేలో ‘జీగ్‌ఫెల్డ్ ఫాలీస్’ అనే ఆటపాటల షోలో పాడింది. ఆ షోలు మొదలుపెట్టిన నిర్మాత జీగ్‌ఫెల్డ్ 1932లోనే చనిపోయాడు. ఆయన పేరు వాడుకుని షూబర్ట్ సోదరులు నడిపిన షో అది, హాస్యనటి ఫానీ బ్రైస్ అందులో ప్రధాన ఆకర్షణ. హాలీవుడ్ కూడా పిలిచింది. 1935లో ‘స్టార్స్ ఓవర్ బ్రాడ్‌వే’, 1938లో ‘రేడియో సిటీ రెవెల్స్’. రెండింటితోనే ఆగిపోయింది. మనిషి అందగత్తె, గొంతు ఉంది, అయినా ముందుకి సాగలేదు. డైలాగులున్న పాత్ర ఇవ్వాలంటే నత్తి అడ్డు. అప్పటి విమర్శకులు కొందరు ఆమెకి నటన రాదని తేలిగ్గా కొట్టిపారేశారు గానీ, అసలు సంగతి నటన దాకా వెళ్ళనే లేదు.

ఇక నైట్‌క్లబ్. మన సినిమాల్లో చూసే క్లబ్ డాన్సు సీను మనసులోంచి కాసేపు తీసెయ్యండి. 1933 డిసెంబర్‌లో మద్యనిషేధం ఎత్తేశాక అమెరికా నగరాల్లో పెద్ద పెద్ద సప్పర్ క్లబ్బులు తెరిచారు. న్యూయార్క్‌లో 1940లో మొదలైన కోపకబానా బాగా తెలిసిన ఉదాహరణ. భోజనం, మద్యం, డాన్సు ఆర్కెస్ట్రా, మధ్యలో ఫ్లోర్ షో. ఫ్లోర్ షో రాత్రికి రెండు మూడుసార్లు ఉంటుంది, చివరిది అర్ధరాత్రి దాటాక. గాయనికి స్టేజీ ఉండదు. బల్లల మధ్య ఖాళీ వదిలిన నేల మీదే నిలబడాలి, రెండు అడుగుల దూరంలో ఎవరో గ్లాసు పట్టుకుని మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళ నోరు మూయించడం పాటతోనే జరగాలి. రేడియోలో ఏజెన్సీ దయ, ఇక్కడ ఈ బల్లల దయ. కానీ డబ్బు వారానికింతని చేతికొస్తుంది, రేడియోలో పేరున్నవాళ్ళకి క్లబ్బులు ఎక్కువిచ్చేవి. రేడియో పేరు తెస్తుంది, క్లబ్బు ఇల్లు గడుపుతుంది. ఆ తరం గాయనులందరి లెక్క దాదాపు ఇదే.

న్యూయార్క్‌లో ఇంకో తిరకాసు ఉండేది. క్లబ్బుల్లో పనిచేసే ప్రతివాళ్ళూ పోలీసుల దగ్గర వేలిముద్రలిచ్చి క్యాబరే కార్డు అనే అనుమతిపత్రం తెచ్చుకోవాలి. 1940ల మొదట్లో వచ్చిన ఈ పద్ధతి 1967 దాకా నడిచింది. కార్డు లాగేసుకుంటే బతుకుతెరువు పోయినట్టే. నల్లజాతి జాజ్ గాయని బిల్లీ హాలిడేకి 1947లో జైలు శిక్ష తర్వాత అదే జరిగింది. కార్నెగీ హాల్లో పాడగలిగింది గానీ న్యూయార్క్ క్లబ్బుల్లో పాడలేకపోయింది. జేన్‌కి ఆ ఇబ్బంది ఎన్నడూ రాలేదు. తెల్లజాతి, కన్సర్వేటరీ చదువు, చీకూచింతా లేని ముఖం. ఆనాటి గాయనుల కెరీర్లు పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

యుద్ధం వచ్చింది. సైనికులకి వినోదం కోసం 1941లో యూఎస్‌ఓ సంస్థ, దాని కింద క్యాంప్ షోస్ అనే విభాగం ఏర్పడ్డాయి. జేన్ మొదట్నుంచీ దేశంలోని శిబిరాల్లో పాడుతూనే ఉంది, 1942లో కమెడియన్ ఎడ్ విన్ పెట్టిన ‘లాఫ్, టౌన్, లాఫ్’ వాడవిల్ షోలోనూ ఉంది. విదేశాల్లో పాడతారా అని అడిగితే సరే అంది.

1943 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి పాన్ యామ్ విమాన సంస్థ వారి ‘యాంకీ క్లిప్పర్’ బయల్దేరింది. బోయింగ్ 314 రకం, నీటి మీద దిగే విమానం. 1939లో దానికి ఆ పేరు పెట్టింది అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్. బెర్ముడా, అజోర్స్ మీదుగా తటస్థ దేశమైన పోర్చుగల్‌కి దారి. ఫిబ్రవరి 22 సాయంత్రం లిస్బన్‌లో టేగస్ నది మీద దిగబోతూ మలుపు తిరుగుతుండగా ఎడమ రెక్క కొస నీళ్ళకి తగిలింది. దర్యాప్తులో తేలింది అదే, శత్రువుల పనేమీ కాదు. విమానంలో 39 మంది. 24 మంది చనిపోయారు.

చనిపోయినవాళ్ళలో టమారా డ్రాసిన్ ఒకరు. ఈమె గురించి ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికా వచ్చిన గాయని, టమారా అనే ఒక్క పేరుతోనే అందరికీ తెలుసు. న్యూయార్క్‌లో రష్యన్ తరహా క్లబ్బుల్లో పాడుతూ బ్రాడ్‌వేకి చేరింది. 1933లో ‘రాబర్టా’ అనే షోలో జెరోమ్ కెర్న్ కట్టిన ‘స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్’ని మొట్టమొదట పాడింది ఆమే. ఇవాళ ఆ పాట ప్రపంచమంతా తెలుసు, ఆమె పేరు ఎవరికీ తెలియదు. విమానంలో ఆమె, జేన్ సీట్లు మార్చుకున్నారని చెబుతారు. సినిమా తీయడానికి జేన్ కథ దొరికింది, టమారా కథ లిస్బన్‌లోనే ఆగిపోయింది.

జేన్ గాయాలు మామూలువి కావు. ఎడమ కాలు మోకాలి కింద దాదాపు తెగిపోయింది. కుడి కాలి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటకొచ్చింది, కుడి చెయ్యి చాలాచోట్ల విరిగింది. నీళ్ళలో ఆమెని పైకి తేల్చి పట్టుకున్నది అదే విమానం సిబ్బందిలోని జాన్ కర్టిస్ బర్న్ అనే అధికారి. అప్పటికి అతని వెన్నెముక విరిగి ఉంది. శిథిలాల ముక్కలు పోగేసి తెప్పలా చేశాడు. ఇద్దరూ లిస్బన్ ఆస్పత్రిలో ఒకే కాలంలో ఉన్నారు. 1948లో డాన్ రాస్‌తో విడాకులయ్యాక జేన్ బర్న్‌ని పెళ్ళాడింది. సినిమాకి కావాల్సిన కథ ఇదే, తప్పు పట్టలేం. కాకపోతే సినిమా అక్కడితో ఆగుతుంది, బతుకు ఆగదు. 1956లో వాళ్ళూ విడిపోయారు.

కాలు తీసెయ్యాలని డాక్టర్లు అంటే ఆమె ఒప్పుకోలేదు. దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. తర్వాతి సంవత్సరాల్లో మొత్తం 39 ఆపరేషన్లు, జీవితాంతం కాలికి లోహపు పట్టీ. ఇవన్నీ ఎవరు కట్టారు అన్నది అసలు ప్రశ్న. పాన్ యామ్ మీద కేసు వేసింది. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి అప్పట్లో 1929 నాటి వార్సా ఒప్పందం వర్తించేది, దాని ప్రకారం ఒక్కో ప్రయాణికుడికి విమాన సంస్థ బాధ్యత లక్షా 25 వేల ఫ్రాంకులకి మించేది కాదు. అప్పటి లెక్కలో సుమారు 8,300 డాలర్లు. మన దేశంలో కూడా 1934లోనే ఈ ఒప్పందం చట్టమైంది. టికెట్ ఏర్పాట్లు తాను చేసుకోలేదని, అది తన చేతికి రాలేదని, అందుకే ఆ పరిమితి తనకి వర్తించదని ఆమె వాదన. 1949లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోలేదు. 39 ఆపరేషన్ల పక్కన ఆ 8,300 డాలర్లు పెట్టి చూడండి, ఆమె ఎందుకంత తొందరగా మళ్ళీ పాడటానికి వెళ్ళిందో అర్థమవుతుంది. ధైర్యం గురించి అందరూ రాస్తారు, నిజమే, ధైర్యం ఉంది. దాంతో పాటు ఆస్పత్రి బిల్లు కూడా ఉంది.

1943 నవంబర్‌లోనే, అంటే ప్రమాదం జరిగి తొమ్మిది నెలలు కూడా నిండకముందే, బ్రాడ్‌వేలో ‘ఆర్టిస్ట్స్ అండ్ మోడల్స్’ షోలో పాడింది. కాలికి బరువైన సిమెంట్ కట్టు, స్టేజీ మీదకి ఎత్తుకొచ్చి నిలబెట్టేవారు. షో నెల తిరక్కుండానే మూతపడింది. క్లబ్బుల పనీ మునుపటిలా లేదు. ముందు చెప్పాను కదా, అక్కడ బల్లల మధ్య నేల మీద నిలబడి, నడిచి, జనం వైపు తిరిగి పాడాలి. ఆమెకి నిలబడటమే గగనం. పొడవాటి గౌను కింద పట్టీ దాచుకుని, ఏదో ఒక ఆసరాతో, ఒక్కచోటే ఉండి పాడాల్సి వచ్చింది. రేడియోకి మాత్రం కాళ్ళతో పని లేదు. చిన్నప్పుడు నోరు మొరాయించినా, ఇప్పుడు కాళ్ళు మొరాయించినా, రెండుసార్లూ కాపాడింది మైకే.

ఆ సంవత్సరాల్లో గాయకులకి కాలం విచిత్రంగా ఉండేది. ఒకవైపు రికార్డులు దొరకవు. ప్లేట్లు తయారయ్యేది లక్కతో, లక్క వెళ్ళేది ఎక్కువగా మన దేశం నుంచి, ఛోటా నాగపూర్ అడవుల చుట్టుపక్కల నుంచి. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక నౌకల రాకపోకలు దెబ్బతిన్నాయి, మిలిటరీకీ లక్క కావాల్సి వచ్చింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల వాటా 70 శాతం కోసేసింది. కొత్త ప్లేటు కావాలంటే పాత ప్లేటు తెచ్చివ్వాలని షాపులవాళ్ళు అడిగేవారు. నా దగ్గరున్న ఆ కాలపు ప్లేట్లు కొన్ని గరగరమంటాయి. కరిగించిన పాత సరుకు మళ్ళీ పోశారు మరి.

మరోవైపు 1942 ఆగస్టు 1 నుంచి సంగీతకారుల యూనియన్ సమ్మె. వాళ్ళ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో. రేడియోలు, జూక్‌బాక్సులు (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు) రికార్డులు వాయిస్తూ లైవ్ వాద్యకారుల పొట్ట కొడుతున్నాయని, ప్రతి రికార్డు మీదా యూనియన్ నిధికి కొంత కట్టాలని వాళ్ళ పట్టు. డెక్కా కంపెనీ 1943లో దిగొచ్చింది, కొలంబియా, విక్టర్ 1944 నవంబర్ దాకా దిగలేదు. గాయకులు ఆ యూనియన్‌లో లేరు. అందుకని ఫ్రాంక్ సినాత్రా లాంటివాళ్ళు వాద్యాలే లేకుండా కోరస్ గొంతుల మధ్య పాడి రికార్డులు తెచ్చారు. పెద్ద బ్యాండ్లు వెనక్కి వెళ్ళి ఒంటరి గాయకులు ముందుకి రావడానికి ఈ సమ్మె ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. జేన్ సినాత్రా కంటే ఎనిమిదేళ్ళు పెద్దది, పాడే పద్ధతిలో ఒక తరం ముందుది. ఆ మార్పు జరుగుతున్న రెండేళ్ళూ ఆమె ఎక్కువ కాలం ఆపరేషన్ టేబుల్ మీదే ఉంది. వృత్తిపరంగా ఆమెకి జరిగిన నష్టాల్లో ఇది పెద్దదని, ఎవరూ పట్టించుకోనిదని నా లెక్క.

క్లబ్బులకీ దెబ్బలు తగిలాయి. పాట, డాన్సు ఉన్న చోట బిల్లు మీద క్యాబరే పన్ను 1944 ఏప్రిల్‌లో 30 శాతానికి పెంచారు. గోల మొదలయ్యాక జూలైలో 20కి తగ్గించారు. గాయని లేకుండా వట్టి వాద్యం పెట్టుకుంటే ఆ పన్ను ఉండదు కాబట్టి చాలా చిన్న క్లబ్బులు గాయనులని మానేశాయి. 1945 ఫిబ్రవరి చివర్లో బొగ్గు పొదుపు పేరుతో దేశమంతా అర్ధరాత్రికి క్లబ్బులు మూసేయాలని ఉత్తర్వు కూడా వచ్చింది, యూరప్‌లో యుద్ధం ముగిసే దాకా నడిచింది.

ఇంత జరిగినా 1945లో జేన్ వెళ్ళాలనుకున్న చోటికే మళ్ళీ వెళ్ళింది. చంకకర్రల మీద, యూరప్‌లోని అమెరికన్ శిబిరాలకి. సుమారు 30 వేల మైళ్ళు తిరిగి 95 ప్రదర్శనలిచ్చింది. కాళ్ళు, చేతులు పోగొట్టుకున్న సైనికులున్న ఆస్పత్రుల్లో చంకకర్రలతో ఒక గాయని వచ్చి నిలబడితే, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. సినిమాలో రాబర్ట్ వాగ్నర్ చేసిన చిన్న సైనికుడి సీను ఈ పర్యటన నుంచి పుట్టిందే. పాత్ర కల్పితమే, థెల్మా రిట్టర్ వేసిన నర్సు పాత్రా కల్పితమే, కానీ సందర్భం నిజం.

ఇప్పుడు సినిమా దగ్గరికొద్దాం. ట్వంటియత్ సెంచురీ ఫాక్స్, దర్శకుడు వాల్టర్ లాంగ్. తెరమీద సూసన్ హేవర్డ్, పాటలన్నీ జేన్ గొంతు. మనకి ప్లేబ్యాక్ కొత్త కాదు గానీ, ఇక్కడ పాడుతున్న మనిషి కథనే ఇంకొకరు నటిస్తున్నారు. జేన్ నలభై దాటిన వయసులో, అన్ని ఆపరేషన్ల తర్వాత, తన ఇరవైల నాటి గొంతులా పాడాల్సి వచ్చింది. పాడింది కూడా. హేవర్డ్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, సంగీత నిర్వహణకి ఆల్ఫ్రెడ్ న్యూమన్‌కి ఆస్కార్ దక్కింది, క్యాపిటల్ కంపెనీ వేసిన పాటల ఆల్బమ్ పెద్ద హిట్టయింది.

ఆ ఊపులోనే టీవీ. 1952 అక్టోబర్‌లో సీబీఎస్‌లో ‘జేన్ ఫ్రోమన్స్ యూఎస్ఏ క్యాంటీన్’ మొదలైంది. సైనికుల క్యాంటీన్ సెట్టు, అప్పుడు కొరియా యుద్ధం నడుస్తోంది. తర్వాత అది పావుగంట ప్రోగ్రాంగా మారి 1955 దాకా వచ్చింది. మళ్ళీ యుద్ధం రావడం ఆమెని కలతపెట్టిందట. ధైర్యం చెప్పే పాట ఒకటి కావాలని షో రచయితలని అడిగితే ఎర్విన్ డ్రేక్, ఇంకో ముగ్గురు కలిసి ‘ఐ బిలీవ్’ రాశారు. టీవీలో మొదట వినిపించి హిట్టయిన తొలి పాట అదేనని అంటారు. జేన్ రికార్డు అమెరికాలో బాగానే అమ్ముడైంది. అయితే ఫ్రాంకీ లేన్ పాడినది దాన్ని మింగేసింది, బ్రిటన్‌లో 1953లో మొత్తం 18 వారాలు మొదటి స్థానం. టీవీకి మాటలు కావాలి, నవ్వించాలి, అతిథులతో ముచ్చటించాలి. ఆ మాధ్యమం ఆమెకి ఎన్నాళ్ళో సరిపడదని మొదటి నుంచీ తెలుస్తూనే ఉంది.

1961లో రిటైరై కొలంబియా వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది కాలేజీ నాటి స్నేహితుడు, పత్రికా సంపాదకుడు రోలండ్ స్మిత్‌ని పెళ్ళిచేసుకుంది. అప్పట్లో కాన్సస్‌లో ఉన్న మెనింజర్ మానసిక వైద్య సంస్థతో కలిసి మానసిక సమస్యలున్న పిల్లల కోసం తన పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టింది. 1980 ఏప్రిల్ 22న చనిపోయింది. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో (ప్రముఖుల పేర్లతో నక్షత్రాలు పరిచిన కాలిబాట) ఆమెకి మూడు నక్షత్రాలున్నాయి: రేడియోకి, రికార్డులకి, టీవీకి. సినిమాకి లేదు. తన జీవితం మీదే సినిమా వచ్చిన మనిషికి ఇది కాస్త వింతే.

వినడం గురించి. చాలామంది 1952 సినిమా ఆల్బమ్‌తో మొదలుపెడతారు, నేను వద్దంటాను. అందులో వయొలిన్లు, కోరస్ ఎక్కువ, గొంతు వాటి కింద నలిగిపోతుంది. ముందు 1934 నాటి ‘ఐ ఓన్లీ హావ్ ఐస్ ఫర్ యూ’ రికార్డు వినండి. శబ్దం పాతదే, కానీ మైకుకి ఎంత దగ్గరగా, ఎంత తొణక్కుండా పాడిందో తెలుస్తుంది. తర్వాత విక్టర్ కంపెనీ 1938లో వేసిన జార్జ్ గెర్ష్విన్ పాటల ఆల్బమ్. గెర్ష్విన్ పోయిన మరుసటి ఏడాది వచ్చింది, నథానియల్ షిల్‌క్రెట్ ఆర్కెస్ట్రా, ఇంకొందరు గాయకులూ ఉన్నారు. ఆమె పాడిన భాగాలు నా దృష్టిలో ఆమె మొత్తం పనిలోకల్లా మేలైనవి. ఈ రెండూ అయ్యాక సినిమా పాటలకి రండి, అప్పుడు రెండు కాలాల గొంతుల మధ్య తేడా మీకే వినిపిస్తుంది. మంద్రస్థాయి ఇంకా చిక్కబడింది, పై స్థాయిలో మాత్రం కొంచెం జాగ్రత్త కనిపిస్తుంది.

రేడియో రికార్డింగుల కోసం వెతికేటప్పుడు ఆమె పేరుతో కాకుండా స్పాన్సర్ పేరుతో, ప్రోగ్రాం పేరుతో వెతకండి. సేకరణల్లో చాలావరకు అలాగే జాబితా చేసి ఉంటాయి. తేదీ లేని రికార్డింగ్ దొరికితే అనౌన్సర్ ఏ సరుకు అమ్ముతున్నాడో వినండి, ఏ సంవత్సరానిదో దాదాపుగా పట్టుకోవచ్చు.